పలకరింపుతో పాటు బదులు కూడా: కొత్త భాషలో నాలుగు మాటలు నేర్చుకునే పద్ధతి

1977లో బయల్దేరిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లోనూ బంగారు పూత వేసిన ఒక్కో రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. తెలుగు కూడా ఉంది. అవి ఎవరి చెవిన పడతాయో, బదులు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. భూమ్మీద సంగతి వేరు. ఎదుటివాళ్ళ భాషలో ఒక్క మాట అంటే చాలు, బదులు వచ్చేస్తుంది. చాలామంది తడబడేది ఆ బదులు దగ్గరే.

ఇరవై భాషల్లో "హలో", ముప్ఫై భాషల్లో "థాంక్యూ" అంటూ పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. నేనూ మొదట్లో అలాంటివే బట్టీ పట్టాను. వాటిలో ఉండేది సగం మాటేనని తర్వాత అర్థమైంది. ఆ మాట ఎవరితో అనొచ్చు, ఏ వేళప్పుడు అనాలి, అంటే వాళ్ళేమంటారు, దానికి మళ్ళీ మనమేమనాలి, ఇవేవీ పట్టికలో ఉండవు. పలకరింపు ఒంటరిది కాదు, దానికి జంట ఉంటుంది. జంటగానే నేర్చుకోవాలి.

1. ఒకే భాష, ఎనిమిది వరసలు

ముందు ఒక్క భాష ఎంచుకోండి. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమవైపు మీరనేది, కుడివైపు వాళ్ళనేది రాయండి. ఎనిమిది వరసలు చాలు: కలిసినప్పటి పలకరింపు, కుశల ప్రశ్న, ఏదైనా అడిగేటప్పటి మర్యాద మాట, కృతజ్ఞత, క్షమాపణ, అవును–కాదు, "నాకు అర్థం కాలేదు", వీడ్కోలు. అంకెలు, దారి అడగడం, బేరాలు అన్నీ ఆ తర్వాతే.

కుడివైపు గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. అరబిక్‌లో "అస్సలాము అలైకుం" అంటే "మీకు శాంతి కలగాలి". బదులులో మాటలు ముందువెనకలై "వ అలైకుముస్సలాం" అవుతుంది. పొద్దున్నే "సబాహుల్ ఖైర్", అంటే మంచి ఉదయం అని పలకరిస్తే అదే మాట తిరిగి అనడం కాకుండా "సబాహున్నూర్", వెలుగుల ఉదయం అంటారు. ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువ చేసి తిరిగిస్తారన్నమాట. నాకు చాలా ఇష్టమైన జంట అది. టర్కిష్‌లో "హోష్ గెల్దినిజ్" అని స్వాగతం చెబితే "హోష్ బుల్దుక్" అనాలి. మొదటిది "మంచిగా వచ్చారు", రెండోది "మంచిగానే కనుగొన్నాం".

స్వాహిలీలో బదులు వయసునుబట్టి కూడా ఉంటుంది. పెద్దవాళ్ళు కనిపిస్తే చిన్నవాళ్ళు "షికమో" అంటారు. దాని అసలు అర్థం "మీ పాదాలు పట్టుకుంటున్నాను" అని చెబుతారు. పెద్దవాళ్ళు "మరహబా" అని అందుకుంటారు. సమానులైతే "హుజంబో" అని అడగడం, "సిజంబో" అని చెప్పడం. పట్టికల్లో కనిపించే ఒట్టి "జంబో" ఎక్కువగా పర్యాటకుల కోసం వాడే మాట.

కుశల ప్రశ్న దగ్గర ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో "హౌ ఆర్ యూ" దాదాపు పలకరింపే. "బాగున్నాను, మీరెలా ఉన్నారు" అని అందుకుంటే సరిపోతుంది. రష్యన్‌లో "కాక్ దెలా" పరిచయస్థుల్ని నిజంగా అడిగే ప్రశ్న, ముక్కూమొహం తెలియనివాళ్ళతో అంటే వింతగా చూస్తారు. చైనీస్‌లో "ఛ్ ల మ", అంటే "తిన్నారా" అని పాత పలకరింపు ఒకటుంది. అది విందుకు పిలుపు కాదు, "ఛ్ ల", తిన్నాను అంటే చాలు. "భోంచేశారా" అంటే "అయ్యిందండీ" అని చెప్పే మనకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

2. నువ్వా, మీరా

తెలుగువాళ్ళకి ఇక్కడ పెద్ద సదుపాయం ఉంది. ఎవరిని "నువ్వు" అనాలో ఎవరిని "మీరు" అనాలో మనకి చిన్నప్పుడే ఒంటబడుతుంది. ఫ్రెంచ్‌లో "త్యు", "వు", జర్మన్‌లో "డూ", "జీ", రష్యన్‌లో "తి", "వి", స్పానిష్‌లో "తూ", "ఉస్తేద్", అన్నీ ఇదే తేడా. హిందీలో మూడు మెట్లున్నాయి: తూ, తుమ్, ఆప్. కొత్త భాషలో మీ ఎనిమిది వరసలూ ముందు "మీరు" రూపంలోనే నేర్చుకోండి. మర్యాద ఎక్కువైతే "నువ్వనండి, పర్లేదు" అని వాళ్ళే చెబుతారు. తక్కువైతే ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మనసులో పెట్టుకుంటారు.

పలకరింపు మాటల్లోనే ఈ తేడా దాగి ఉంటుంది. చైనీస్‌లో అందరికీ తెలిసిన "నీ హావ్" కి పెద్దల కోసం "నిన్ హావ్" అనే రూపం ఉంది. రష్యన్‌లో "ప్రివేత్" స్నేహితులకి, మిగతావాళ్ళకి "జ్ద్రాస్త్‌వుయ్‌తె". ఇటాలియన్ "చావ్" ప్రపంచమంతా తిరిగిన మాటే కానీ సొంత గడ్డమీద దగ్గరివాళ్ళతోనే అంటారు, కొత్తవాళ్ళకి "బ్వోన్ జోర్నో". ఆ "చావ్" వెనీషియన్ మాండలికంలో "మీ దాసుణ్ణి" అనే మాట నుంచి పుట్టింది. ఆస్ట్రియాలోనూ బవేరియాలోనూ వినిపించే "సెర్వుస్" కూడా లాటిన్‌లో దాసుడే. మన "దాసోహం" కి దూరపు చుట్టాలన్నమాట రెండూ.

అన్ని చోట్లా లెక్క ఒకటే కాదు. స్వీడిష్‌లో 1960ల చివరి నుంచి దాదాపు అందరినీ "డూ" అనడం స్థిరపడింది. అక్కడ మర్యాద రూపం కోసం వెతకడం అనవసరం. వియత్నామీస్ మాత్రం మనకి సొంతింటిలా అనిపిస్తుంది. "నువ్వు", "మీరు" బదులు వరసలు పెట్టి పిలుస్తారు. కాస్త పెద్ద వయసు మగవారైతే "చావ్ ఆన్", ఆడవారైతే "చావ్ చి", చిన్నవాళ్ళయితే "చావ్ ఎమ్". ఆన్ అంటే అన్న, చి అంటే అక్క, ఎమ్ అంటే తమ్ముడో చెల్లో. ఎదుటివారి వయసు అంచనా వేయకుండా పలకరించలేరు. ఏదీ తోచకపోతే "సిన్ చావ్" అనండి.

3. అంటున్నది ఎవరు, వింటున్నది ఎవరు

ఇది మనవాళ్ళు మరిచిపోయే విషయం. కారణం తెలుగులోనే ఉంది. "నేను వస్తాను" అని ఆడవాళ్ళూ అంటారు, మగవాళ్ళూ అంటారు, క్రియ మారదు. హిందీలో "ఆతా హూఁ", "ఆతీ హూఁ" రెండూ వేరు. పోర్చుగీస్‌లో కృతజ్ఞత చెప్పేది మగవారైతే "ఒబ్రిగాదు", ఆడవారైతే "ఒబ్రిగాద". రుణపడ్డాను అని దాని అర్థం, పడిందెవరో మాటలో కనబడాలి. థాయ్‌లో ప్రతి మర్యాద వాక్యం చివరా మగవాళ్ళు "ఖ్రప్" అనీ, ఆడవాళ్ళు "ఖ" అనీ చేరుస్తారు. "సవత్‌దీ ఖ్రప్", "సవత్‌దీ ఖ". ఆ సవత్‌దీ మన "స్వస్తి" నుంచి వచ్చిందే, 20వ శతాబ్దంలో ప్రాయా ఉపకిత్ శిల్పసాన్ అనే పండితుడు దాన్ని పలకరింపుగా కూర్చాడు.

పై మూడింటిలోనూ మాట మారేది మాట్లాడేవారినిబట్టి. అరబిక్‌లో "దయచేసి" అనేటప్పుడు వినేవారినిబట్టి మారుతుంది: మగవారితో "మిన్ ఫద్లక్", ఆడవారితో "మిన్ ఫద్లిక్". నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు మీకు వర్తించే రూపం పక్కన చుక్క పెట్టుకోండి. మగగొంతు రికార్డింగు విని నేర్చుకున్న అమ్మాయి మగవాళ్ళ రూపమే అనేయడం తరచూ జరుగుతుంది.

4. పొద్దు చూసి మాట

ఇంగ్లీషు "గుడ్ నైట్" విడిపోయేటప్పుడే. స్పానిష్ "బ్వేనాస్ నోచెస్" చీకటి పడ్డాక కలిసినప్పుడూ అంటారు, వెళ్ళేటప్పుడూ అంటారు. ఫ్రెంచ్ "బొన్ న్యుయి" పడుకోబోయే ముందు మాట, సాయంత్రం పలకరింపుకి "బోఁస్వార్" అనాలి. జపనీస్‌లో పొద్దున "ఒహాయో గొజాయ్‌మస్", పగలు "కొన్నిచివా", సాయంత్రం "కొంబంవా". కొన్నిచివా ఇంట్లోవాళ్ళతో అనరు. ఇండోనేషియన్ రోజుని నాలుగు ముక్కలు చేస్తుంది: "సెలామత్" కి పొద్దున పాగి, మధ్యాహ్నం సియాంగ్, సాయంత్రం సోరె, రాత్రి మాలం.

వేళతో పనిలేని మాటని ప్రతి భాషలోనూ ఒకటి పట్టి ఉంచుకోండి. స్పానిష్ "ఓలా", టర్కిష్ "మెర్హబా", తమిళం "వణక్కం", సింహళం "ఆయుబోవన్" అలాంటివి. ఆయుబోవన్‌లో మన "ఆయువు" వినబడుతోంది కదా, దీర్ఘాయుష్షు కలగాలని దీవెన అది.

5. తెలుగు లిపిలో రాసుకోవడం

ఉచ్చారణ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. తెలుగు లిపి ఈ పనికి బాగా పనికొస్తుంది. హ్రస్వం, దీర్ఘం, ఒత్తు, ద్విత్వం, అరసున్న, ఇన్ని సాధనాలు ఇంగ్లీషు లిపిలో లేవు. అయితే మన అలవాట్లు కొన్ని అడ్డొస్తాయి.

మొదటి అలవాటు ట, డ. విదేశీ మాటలో "టి", "డి" అనే ఇంగ్లీషు అక్షరాలు కనబడితే మన చెయ్యి ట, డ అని రాసేస్తుంది. ఇంగ్లీషు, జర్మన్ వరకు అది దగ్గరే: "గూటెన్ టాక్", "డాంకె". ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీస్, రష్యన్‌లలో అవి దంతాలకి తగిలే త, ద. "బ్వేనోస్ దీయాస్", "దె నాద", "అదియోస్". ఈ ఒక్క దిద్దుబాటుతో మీ స్పానిష్ సగం బాగుపడుతుందంటే నమ్మండి.

రెండోది ఒత్తులు. మాటల్లో మనం ఖ, థ, ఫ లాంటి ఒత్తక్షరాలు తేల్చేస్తాం. చైనీస్, థాయ్, కొరియన్‌లలో ఒత్తు ఉందా లేదా అన్నదాన్నిబట్టి మాటే మారిపోతుంది. చైనీస్‌ని ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు "బి" అని కనబడేది నిజానికి ఒత్తు లేని ప, "పి" అని కనబడేది ఒత్తున్న ఫ. అలాగే "డి", "టి" లు త, థ. కాబట్టి క్షమాపణ చెప్పే మాటని "డుయ్ బు కి" అని కాక "త్వెయ్ పు ఛి" అని రాసుకుంటే వాళ్ళ చెవికి దగ్గరవుతుంది. ఫ అంటే ఇక్కడ "ఫలం"లో ఉండాల్సిన అసలైన ఫ, ఫ్యాన్‌లో వినిపించేది కాదు.

మూడోది చివరి అచ్చు. తెలుగు అజంత భాష, బస్ బస్సు అవుతుంది, కార్ కారు అవుతుంది. అలాగే "గ్రాసియాసు", "బోఁజూరు" అనాలనిపిస్తుంది. పొల్లు దగ్గర గొంతు ఆపడం పనిగట్టుకుని సాధన చేయాలి. ఇటాలియన్, జపనీస్, స్వాహిలీ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి అక్కడ హాయి. జపనీస్ ద్విత్వాలు కూడా మనకి నల్లేరు మీద నడకే: "కొన్నిచివా"లో న్న పలకడానికి ఇతర దేశాలవాళ్ళు నానా కష్టాలు పడతారు.

మిగిలింది రాగం, అంటే గొంతు ఎక్కి దిగే తీరు, ఊనిక, అంటే ఒక అక్షరం మీద వేసే బరువు. "నీ హావ్" రెండు అక్షరాలకీ విడివిడిగా దిగి లేచే మూడో రాగమే ఉన్నా, వెంటవెంటనే వస్తే మొదటిది పైకి లేస్తుంది. దీన్ని అక్షరాల్లో పట్టలేం, పైన బాణం గుర్తు వేసుకుని విని అనాల్సిందే. రష్యన్ "స్పసీబ"లో బరువు "సీ" మీద పడుతుంది, ఆ అక్షరం కింద గీత గీసుకోండి. వినడానికి ఫోర్వో లాంటి సైటులో ఆయా భాషలవాళ్ళు స్వయంగా పలికిన మాటలు దొరుకుతాయి. ముందు వినండి, తర్వాత రాయండి. ఇతరులు తెలుగులో రాసిపెట్టింది చూసి నేర్చుకోవద్దు, ఈ వ్యాసంలో నేను రాసినవి కూడా విని సరిచూసుకోండి.

6. థాంక్యూ, ప్లీజ్, సారీ

తెలుగులో "దయచేసి" ఎక్కువగా ప్రకటనల్లో వినబడే మాట. ఇంట్లో "ఇవ్వండి", "కాస్త జరగండి" అంటాం, మర్యాదంతా "అండి"లోనే ఉంటుంది. "ధన్యవాదాలు" కూడా అంతే, దగ్గరివాళ్ళతో అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. ఆ అలవాటుతో ఫ్రెంచ్‌లోకి వెళితే మొరటుగా వినబడతాం. అక్కడ ఏదడిగినా చివర "సిల్ వు ప్లే" ఉండాలి. అడగడానికి ముందు "బోఁజూర్" కూడా ఉండాలి. పలకరించకుండా నేరుగా ప్రశ్న వేస్తే ఎంత మంచి ఫ్రెంచ్ అయినా పనికిరాదు. ఫిన్నిష్‌లో "ప్లీజ్" కి సరిసమానమైన మాటే లేదు, అడిగినదాని చివర "కీతోస్", అంటే కృతజ్ఞతలు అని చేరుస్తారు.

బదులు ఇక్కడా ఉంది. స్పానిష్ "గ్రాసియాస్" కి "దె నాద", అరబిక్ "షుక్రన్" కి "అఫ్వన్", చైనీస్ "సియెసియె" కి "పూ ఖ ఛి". ఇండోనేషియన్ "తెరిమా కాసిహ్" విడదీస్తే "ప్రేమని అందుకో" అని వస్తుంది, దానికి బదులు "సామ సామ". జర్మన్ "బిట్టె" ఒక్కటే దయచేసి, పర్లేదు, ఇదిగో తీసుకోండి, మూడు పనులూ చేస్తుంది. ఇంకొకటి జాగ్రత్త: జర్మన్‌లో ఏదైనా ఇస్తామంటే ఒట్టి "డాంకె" అంటే "వద్దండీ" అనే అర్థం రావచ్చు. కావాలంటే "యా, బిట్టె" అనండి.

జపనీస్ "సుమిమాసెన్" నేర్చుకుంటే చాలా చోట్ల గట్టెక్కుతారు. క్షమాపణకీ, ఎవరినైనా పిలవడానికీ, మన కోసం శ్రమపడినవాళ్ళకి కృతజ్ఞత చెప్పడానికీ అదే. పని చేసుకుంటున్నవారి పక్కనుంచి వెళ్తూ టర్కిష్‌లో "కొలాయ్ గెల్సిన్", మీ పని సులువు కావాలి అంటారు. పర్షియన్‌లో "ఖస్తే నబాషీద్", మీకు అలుపు రాకూడదు. ఇలాంటి మాట ఒక్కటి తెలిసి ఉంటే వాళ్ళ మొహాల్లో వచ్చే వెలుగు వేరు.

అవును, కాదు కూడా తేలిగ్గా తీసుకోవద్దు. "నే" అంటే గ్రీకులో, కొరియన్‌లో అవును. చెక్, సెర్బియన్‌లలో కాదు. బల్గేరియాలో తల ఊపే తీరు కూడా తిరగబడి ఉంటుంది, కాబట్టి అక్కడ తలని నమ్మకుండా మాట వినండి.

7. వెళ్ళొస్తాను

"వెళ్తున్నాను" అనడం మనకి బాగుండదు, "వెళ్ళొస్తాను" అంటాం. తమిళంలో "పోయిట్టు వరేన్", కన్నడలో "హోగి బర్తీని", మలయాళంలో "పోయిట్టు వరాం". మరాఠీలో వెళ్ళే మాటే తీసేసి "యేతో" అని మగవాళ్ళూ "యేతే" అని ఆడవాళ్ళూ, బెంగాలీలో "ఆషి" అంటారు, వస్తాను అనే అర్థం. జపనీస్‌లో ఇల్లు కదిలేటప్పుడు "ఇత్తెకిమస్" అంటారు, అచ్చంగా వెళ్ళొస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరష్షాయ్", వెళ్ళి రండి అంటారు. తిరిగొచ్చాక "తదైమా", దానికి "ఒకాయెరి". ఈ రెండు జంటల్నీ తెలుగువాళ్ళు ఒక్కసారి వింటే మరిచిపోరు.

యూరప్ భాషల్లో చాలావరకు "మళ్ళీ కలుద్దాం" ఉంటుంది: ఫ్రెంచ్ "ఓ ర్వార్", రష్యన్ "ద స్విదానియ", జర్మన్ "ఔఫ్ వీడర్‌జేన్". జర్మన్ మాటలో "చూడటం" ఉంది కనుక ఫోన్‌లో "ఔఫ్ వీడర్‌హ్యోరెన్", మళ్ళీ విందాం అంటారు. చైనీస్ "త్సైచ్యెన్" కూడా మళ్ళీ కలవడమే.

ఎక్కువగా తప్పు జరిగేది మూడో రకంతో, అంటే వెళ్ళేవారికీ ఉండేవారికీ మాట వేరుగా ఉన్న చోట. కొరియన్‌లో మీరు ఉండిపోయి వాళ్ళు వెళ్తుంటే "అన్న్యొంగ్‌హి కసేయో", క్షేమంగా వెళ్ళండి. మీరు వెళ్తూ వాళ్ళు ఉంటే "అన్న్యొంగ్‌హి క్యెసేయో", క్షేమంగా ఉండండి. ఇండోనేషియన్‌లో వెళ్ళేవారితో "సెలామత్ జాలన్", ఉండేవారితో "సెలామత్ తింగాల్". జులూలో "హంబ కాహ్లె", "సల కాహ్లె" అలాగే. టర్కిష్ "గ్యులె గ్యులె" ఉండేవాళ్ళే అంటారు, నవ్వుతూ వెళ్ళమని. నోట్‌బుక్‌లో వీడ్కోలు వరస దగ్గర తలుపు బొమ్మ గీసి, బయటికి వెళ్ళేవారి పక్కన ఒకటి, లోపల ఉండేవారి పక్కన ఒకటి రాసుకుంటే కంగారు ఉండదు.

8. గట్టిగా అనడం

రాసింది కళ్ళతో చదివితే రాదు. ఇద్దరు కూర్చుని ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చదవాలి, తర్వాత వైపులు మార్చుకోవాలి. ఒంటరిగా నేర్చుకుంటుంటే కుడివైపు మాటలు ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసి, మధ్యమధ్య రెండు సెకన్ల ఖాళీ వదలండి. ఆ ఖాళీలో మీ మాట రావాలి. రెండు సెకన్లలో రాని మాట ఎదుటి మనిషి ముందు అసలే రాదు.

అనువాద యాప్ వాడేటప్పుడు ఇంగ్లీషు వాక్యం పెట్టొద్దు. ఇంగ్లీషు "యూ"లో నువ్వూ మీరూ కలిసిపోయాయి కనుక ఏ రూపం ఇవ్వాలో యంత్రమే ఎంచుకుంటుంది. తెలుగులో "మీరు" అని పెట్టండి, వచ్చిన మాటని విడిగా మళ్ళీ వెతికి అది మర్యాద రూపమేనా అని చూసుకోండి.

మొదటిసారి నిజంగా మాట్లాడేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి: పలకరింపు, ఆ వెంటనే "మీ భాష ఇప్పుడే నేర్చుకుంటున్నాను, మెల్లగా చెప్పండి" అనే వాక్యం, ఆ తర్వాతే అడగాల్సింది. ఈ రెండో వాక్యాన్ని మిగతా అన్నింటికంటే బాగా కంఠతా పట్టండి. పలకరింపు బాగా పలికితే వాళ్ళు మనకి భాష వచ్చనుకుని గబగబా మాట్లాడేస్తారు, దాన్ని ఆపగలిగేది అదే. వాళ్ళు దిద్దిన మాటల్ని అదే రోజు కుడివైపు గడిలో, వాళ్ళు పలికినట్టే రాసుకోండి.